కార్బొరేటరును దోషి అనే ముందు

(పాత మోటారుసైకిళ్ల నిర్వహణ గురించి సరిహద్దు గ్రామాల కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

  

మోటారుసైకిలు గురించి మాట్లాడడానికి న్యాయవాదిని పిలిచారేమిటని కొందరికి అనిపించవచ్చు. ఇరవై ఏళ్లుగా కేసు కట్టలు మోసుకుని తాలూకా కచేరీల చుట్టూ నేను తిరుగుతున్నది పాత బండి మీదనే. అదీగాక, నేటి విషయంలో చట్టానికి కూడా కొంత చోటున్నది. అందుకే ఈ పిలుపును సంతోషంగా అంగీకరించాను.

మన పల్లెల్లో పాత బండి వేడుక వస్తువు కాదు. తెల్లవారుజామున పాల క్యాన్లను డెయిరీకి చేర్చేది అదే. పట్టుగూళ్లను, టమాటా బుట్టలను సంతకు మోసేది అదే. బిడ్డను బడి దగ్గర దింపేదీ, రాత్రివేళ జ్వరం వచ్చిన ముసలమ్మను ఆసుపత్రికి తీసుకుపోయేదీ అదే. 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100, అదే ఏడాది మొదలై 1996 దాకా తయారైన యమహా ఆర్‌ఎక్స్ 100, 1994లో వచ్చిన స్ప్లెండర్ ఇప్పటికీ నడుస్తున్న ఇళ్లు మనలో ఎన్నో ఉన్నాయి. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 ప్రమాణాలు అమలులోకి వచ్చాక కొత్త బండ్లలో దాదాపు అన్నిటికీ ఇంధనాన్ని కొలిచి చిమ్మే ఇంజెక్షన్ పద్ధతి వచ్చింది. కార్బొరేటరు పాత బండ్లకే మిగిలింది. దానిని ఓపికగా విప్పి, శుభ్రం చేసి, చెవితో విని సరిచేసే మెకానిక్కులు తగ్గిపోతున్నారు. ‘కార్బొరేటరు పోయింది, కొత్తది వేయాలి’ అనే మాట ఎక్కువగా వినబడుతున్నది. విచారణ లేకుండా ఆ మాటను ఒప్పుకోవద్దని చెప్పడమే నా ప్రసంగ సారాంశం.

‘స్లో’ నిలవకపోతే నష్టమేమిటి?

యాక్సిలరేటరు పూర్తిగా వదిలినప్పుడు ఇంజను ఆగకుండా తనంతట తాను తిరిగే వేగాన్ని మన మెకానిక్కులు ‘స్లో’ అంటారు. పుస్తకాల్లో ఐడ్లింగ్ అని ఉంటుంది. దుకాణంలో చెల్లే మాట స్లో కాబట్టి నేనూ అదే వాడతాను. స్ప్లెండర్ వంటి నూరు సీసీ బండికి స్లో నిమిషానికి సుమారు 1400 చుట్లు ఉండాలి. ఒక నూరు అటూ ఇటూ కావచ్చు. అది సమంగా, ఒకే శ్రుతిలో వినబడాలి. ఒకసారి ఎగసి, ఒకసారి పడిపోయి, నడుమ నడుమ దగ్గుతూ ఉంటే బండి మనకేదో చెబుతున్నదన్నమాట.

దీనివల్ల కలిగే నష్టాలు మూడు. మొదటిది పెట్రోలు. స్లో నిలవని బండిని ఆగకుండా ఉంచడానికి మనం యాక్సిలరేటరు పట్టుకునే ఉంటాం. ఆ ఖర్చు రోజూ కొంచెం కొంచెంగా పోతుంది కనుక కంటికి కనబడదు. రెండవది ప్రాణభయం. జాతీయ రహదారి మీద మలుపు తిరగడానికి వేగం తగ్గించిన క్షణంలో ఇంజను ఆగిపోతే, వెనుక వచ్చే లారీకి మన బండి జబ్బు తెలియదు.

మూడవది చట్టం. కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లోని 115వ నియమం ప్రకారం పెట్రోలు బండి పొగను పరీక్షించేది స్లోలోనే. 2000 మార్చి 31కి ముందు తయారైన ద్విచక్ర వాహనం పొగలో కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం మించరాదు. ఆ తేదీ తరువాత తయారైన పాత బండ్లకు హద్దు 3.5 శాతం. ఇటువంటి బండ్లకు పొగ పత్రం గడువు ఆరు నెలలు. ఆ గడువులో అది దేశమంతటా చెల్లుతుంది. ఒక రాష్ట్రంలో తీసుకున్న పత్రాన్ని సరిహద్దు దాటినంత మాత్రాన చెల్లదనడానికి వీలు లేదు. రోజూ రెండు రాష్ట్రాల మధ్య తిరిగే మనం దీనిని గుర్తుంచుకోవాలి. ఉద్గార ప్రమాణాలను ఉల్లంఘించి బండి నడిపితే మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షను కింద, 2019 సవరణ తరువాత, మూడు నెలల దాకా జైలు గానీ, పదివేల రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చు. ఒక చిన్న స్క్రూ సరిగా లేకపోవడం ఇంత దూరం పోగలదు.

కార్బొరేటరు చేసే పని

కార్బొరేటరు చేసే పని ఒక్కటే: గాలిలో పెట్రోలును తగిన పాళ్లలో కలిపి ఇంజనుకు అందించడం. పెట్రోలు పూర్తిగా మండడానికి దాని బరువుకు సుమారు 14.7 రెట్ల బరువు గాలి కావాలి. పెట్రోలు తగ్గితే మిశ్రమం పలుచన, పెరిగితే చిక్కన. స్లో చెడిపోయిన ప్రతిసారీ మన ఎదుట ఉండే మొదటి ప్రశ్న ఇదే: పలుచనా, చిక్కనా?

కార్బొరేటరు లోపల ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క పరిధి ఉంది, కోర్టులకు ఉన్నట్లే. యాక్సిలరేటరు వదిలినప్పటి నుంచి పావు వంతు తిప్పేదాకా అధికారం పైలట్ జెట్‌ది. దీనినే స్లో జెట్ అని కూడా అంటారు. పావు నుంచి ముప్పావు దాకా స్లైడుకు వేలాడే సూదిది. ఆపైన మెయిన్ జెట్‌ది. కాబట్టి స్లోలో వచ్చిన జబ్బుకు మెయిన్ జెట్ మార్చడం, సూది క్లిప్పు జరపడం పరిధి లేని కోర్టులో దావా వేయడం వంటిది. ఖర్చు అవుతుంది, తీర్పు రాదు.

విచారణకు ముందు రెండు నియమాలు. ఒకటి, ఇంజను వేడెక్కిన తరువాతనే పరీక్షించాలి. మూడు నాలుగు కిలోమీటర్లు నడిపి రావాలి. రెండు, ఒకసారికి ఒకే మార్పు చేయాలి. ప్లగ్గు మార్చి, స్క్రూ తిప్పి, ఫిల్టరు కడిగి బండి బాగుపడిందంటే ఏది దోషో ఎవరూ చెప్పలేరు. మళ్లీ చెడినప్పుడు మళ్లీ మొదటికే వస్తాం. ఏమి చేశామో, ఏమి జరిగిందో ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టుకోవాలి. సాక్ష్యం లేని వాదన బండి దగ్గర కూడా నిలవదు.

బయటి సాక్షులు

కార్బొరేటరును విప్పే ముందు బయట ఉన్న సాక్షులను పిలవాలి. వీటికి పెద్ద ఖర్చు లేదు.

మొదటి సాక్షి పెట్రోలు. కార్బొరేటరు దగ్గర పైపు ఊడదీసి ఒక సీసాలో పట్టి చూడండి. ధార నిలకడగా రావాలి. కాసేపు వచ్చి సన్నగిల్లితే ట్యాంకు మూత తెరిచి చూడండి. వెంటనే ధార పెరిగితే మూతలోని గాలి రంధ్రం పూడుకున్నదని అర్థం. ఆ లోపమున్న బండి కొన్ని కిలోమీటర్లు బాగా నడిచి ఆగిపోతుంది, కాసేపటికి మళ్లీ మామూలవుతుంది. సీసాలోని పెట్రోలును పది నిమిషాలు కదపకుండా ఉంచితే తుప్పు, నీరు అడుగుకు చేరి కనబడతాయి.

రెండవ సాక్షి ఎయిర్ ఫిల్టరు. మన ఎర్రమట్టి దారుల్లో అది త్వరగా పూడుకుంటుంది. పూడితే గాలి తగ్గి మిశ్రమం చిక్కబడుతుంది. ఫిల్టరు తీసి ఒక్క నిమిషం ఇంజను నడిపి చూడండి. స్లో బాగుపడితే దోషి దొరికినట్లే. ఫిల్టరు లేకుండా రోడ్డెక్కరాదు. దుమ్ము సిలిండరును అరగదీస్తుంది.

మూడవ సాక్షి ప్లగ్గు. ఇది అబద్ధం చెప్పని సాక్షి. కొన లేత ఇటుక రంగులో ఉంటే మిశ్రమం సరి. పొడి మసి పట్టి నల్లగా ఉంటే చిక్కన. తెల్లగా పాలిపోయి ఉంటే పలుచన. నల్లగా, తడిగా, జిడ్డుగా ఉంటే ఆయిలు పైకి వస్తున్నదేమో చూడాలి. ఇటువంటి పాత బండ్లలో ప్లగ్గు సందు సాధారణంగా 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు. ప్లగ్గు మూత వదులైనా, తీగ పగిలినా వాన రోజున స్లో తప్పుతుంది. ఆ తప్పును కార్బొరేటరు మీద వేయడం అన్యాయం.

నాల్గవది యాక్సిలరేటరు కేబులు. స్లోలో ఉంచి హ్యాండిలును పూర్తిగా ఎడమకు, ఆపై కుడికి తిప్పండి. ఇంజను వేగం మారితే కేబులు బిగుసుకున్నదని అర్థం. పిడికిలి దగ్గర రెండు నుంచి ఆరు మిల్లీమీటర్ల వదులు ఉండాలి.

ఐదవది ట్యాపెట్లు. వాల్వు దగ్గర ఉండవలసిన సందు మిల్లీమీటరులో కొద్ది వందో వంతులే. అది బిగుసుకుంటే వాల్వు పూర్తిగా మూసుకోదు, స్లోలో బలం చాలదు. బండి చల్లగా ఉన్నప్పుడు, మీ బండి పుస్తకంలోని కొలత ప్రకారం ఫిల్లర్ గేజితోనే దీనిని సరిచేయాలి. ఆర్‌ఎక్స్ 100 వంటి టూస్ట్రోక్ బండికి ట్యాపెట్లు ఉండవు. అక్కడ క్రాంకు సీలు అరిగి గాలి పీలుస్తున్నదేమో చూడాలి.

ఆరవది దొంగగాలి. కార్బొరేటరుకు, ఇంజనుకు మధ్య ఉండే గాస్కెట్టు గానీ, రబ్బరు రింగు గానీ చీలితే కొలతకు అందని గాలి లోపలికి పోతుంది. మిశ్రమం పలుచనవుతుంది. స్లోలో ఉంచి ఆ అతుకు మీద కొద్దిగా నీళ్లు చిమ్మితే ఇంజను శబ్దం మారుతుంది. వేడి ఇంజను మీద పెట్రోలు గానీ, కిరోసిన్ గానీ చిమ్మి చూసేవారున్నారు. అది అగ్నితో చెలగాటం. అలా చేయవద్దు.

నా స్ప్లెండర్‌కు జరిగింది చెబుతాను. యాక్సిలరేటరు వదిలినా ఇంజను వేగం వెంటనే దిగేది కాదు. కాసేపు ఊళ వేసి, ఆపై ఒక్కసారిగా పడిపోయి ఆగేది. ఒక దుకాణంలో కార్బొరేటరు మార్చాలన్నారు. ‘అన్నా, ఒక్కరోజు గడువివ్వండి’ అని ఇంటికి తెచ్చుకున్నాను. చోక్ సగం లాగితే స్లో నిలిచింది. అంటే పలుచన. అతుకు మీద నీళ్లు చిమ్మగానే శబ్దం మారింది. విప్పి చూస్తే రబ్బరు రింగు గట్టిపడి పగుళ్లు వారి ఉంది. దోషి ఒక చిన్న రబ్బరు చుట్ట. శిక్ష పడబోయింది కార్బొరేటరుకు.

ఈ చోక్ పరీక్షను అందరూ నేర్చుకోవాలి. వేడెక్కిన బండికి చోక్ కొద్దిగా వేస్తే స్లో బాగుపడితే మిశ్రమం పలుచన, మరింత చెడితే చిక్కన. బండి వేడెక్కిన తరువాత కూడా చోక్ అడుగుతుంటే, వేగం తగ్గించినప్పుడు సైలెన్సరులో టపటప పేలుతుంటే, పలుచన అని చెప్పే సాక్ష్యం బలపడుతుంది. నల్లని పొగ, పెట్రోలు వాసన, మసి పట్టిన ప్లగ్గు చిక్కనకు గుర్తులు.

ఇక కార్బొరేటరు

సాక్షులందరూ నిర్దోషులైతే అప్పుడు కార్బొరేటరును పిలవాలి. ఎక్కువసార్లు నేరం పైలట్ జెట్‌ది. దాని రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. బండి నెలల తరబడి కదలకపోతే పెట్రోలు ఆవిరై మిగిలిన జిగురు మొదట పూడ్చేది ఆ రంధ్రాన్నే. పెట్రోలు కాక్ కట్టి, గిన్నెలోని పెట్రోలు వంచి, జెట్టును మరకు సరిపోయే స్క్రూడ్రైవరుతో విప్పి, కార్బొరేటరు క్లీనరు చిమ్మి, గాలి పంపుతో ఊదాలి. వెలుతురుకు ఎత్తి చూస్తే రంధ్రం గుండ్రంగా కనబడాలి. ఇనుప తీగ, సూది, గుండుసూది పెట్టి పొడవరాదు. జెట్టు ఇత్తడిది. రంధ్రం వెంట్రుక వాసి పెరిగినా కొలత శాశ్వతంగా తప్పుతుంది.

తరువాత ఫ్లోటు. కింది పైపు నుంచి పెట్రోలు కారుతుంటే ఫ్లోటు సూది మీద మట్టి పడిందో, అది అరిగిందో చూడాలి. ఫ్లోటును చెవి దగ్గర ఊపితే లోపల పెట్రోలు చప్పుడైతే అది చిల్లు పడి మునుగుతున్నదన్నమాట. మార్చాలి.

చివర సర్దుబాటు. కార్బొరేటరు మీద రెండు స్క్రూలుంటాయి. స్లైడును ఎత్తి ఇంజను వేగం పెంచేది ఒకటి, మిశ్రమాన్ని సరిచేసేది మరొకటి. మిశ్రమం స్క్రూ ఫిల్టరు వైపు ఉంటే అది గాలి స్క్రూ, లోపలికి బిగిస్తే చిక్కన అవుతుంది. ఇంజను వైపు ఉంటే బిగించినప్పుడు పలుచన అవుతుంది. ఈ భేదం తెలియక తిప్పేవారు చాలామంది. ముందుగా స్క్రూను మెల్లగా, నొక్కకుండా చివరిదాకా బిగించాలి. అక్కడి నుంచి ఒకటిన్నర చుట్టు వెనుకకు తిప్పాలి. బండి వేడెక్కాక పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పి, ఇంజను అన్నిటికంటే చురుకుగా, సమంగా తిరిగే చోట వదలాలి. వేగం ఎక్కువైతే మొదటి స్క్రూతో తగ్గించాలి. మళ్లీ ఒకసారి రెండవ దానిని చూడాలి. మూడు చుట్లు వెనుకకు వచ్చినా, పూర్తిగా బిగించినా స్లో నిలవకపోతే స్క్రూను ఇక హింసించవద్దు. జెట్టు పూడి ఉంది, లేదా దొంగగాలి ఉంది. పొగ పరీక్ష నెగ్గడానికి మాత్రం స్క్రూను పలుచన వైపు తిప్పి, పత్రం చేతికి రాగానే మళ్లీ మార్చడం మన ఊపిరితిత్తులను మనమే మోసగించడం.

చోటు మారితే, పెట్రోలు మారితే

మనం ఒకే భాష మాట్లాడినా ఒకే గాలి పీల్చేవాళ్లం కాము. హోసూరు, కోలారు, కోరాపుట్ సముద్రమట్టానికి 800 మీటర్లకు పైన ఉన్నాయి. అక్కడ గాలి యానాంలో కంటే సుమారు 8 శాతం పలుచన. యానాంలో సరిచేసిన బండి ఆ ఎత్తున కొంత చిక్కగా నడుస్తుంది. కాబట్టి బంధువు చెప్పిన స్క్రూ చుట్ల లెక్క మీ ఊరికి సరిపోకపోవచ్చు. మీ ఊళ్లో, మీ చెవితో సరిచేసుకోవలసిందే.

పెట్రోలు కూడా మారింది. దేశంలో ఇథనాలు మిశ్రమం 2022లో 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. ఇథనాలు మండడానికి దాని బరువుకు తొమ్మిది రెట్ల గాలి చాలు, పెట్రోలుకు కావలసినంత అక్కరలేదు. పాత కొలతతో నడిచే కార్బొరేటరుకు ఈ సంగతి తెలియదు. అందువల్ల మిశ్రమం కొంత పలుచనవుతుంది. కొత్త బండ్లలోని సెన్సారు దానిని పసిగట్టి సరిచేస్తుంది. మన బండికి మనమే సెన్సారు. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాతకాలపు రబ్బరు పైపులను, రింగులను దెబ్బతీస్తుంది. కాబట్టి రెండు వారాలకు మించి బండి కదలదనుకుంటే పెట్రోలు కాక్ కట్టి, కార్బొరేటరు గిన్నె ఖాళీ చేయండి. రబ్బరు భాగాలను ఏటా చూసి మార్చండి. ఆ ఖర్చు కార్బొరేటరు ధరలో చిన్న భాగమే.

జాగ్రత్త మాట ఒకటి. ఈ పనులన్నీ ఆరుబయట, పగటి వెలుతురులో చేయాలి. బీడీ, దీపం దగ్గర ఉండరాదు. తలుపులు మూసిన కొట్టంలో ఇంజను నడపరాదు. ఆ పొగకు వాసన ఉన్నా అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు. అది నిద్రపుచ్చినట్లే ప్రాణం తీస్తుంది. పిల్లలు చూస్తుండగా నోటితో పెట్రోలు పీల్చి తీయవద్దు. వాళ్లు నేర్చుకుంటారు.

అన్నీ చూసిన తరువాత కూడా స్లైడు అరిగి గలగలలాడుతుంటే, దాని గోడలో గాట్లు పడి ఉంటే, కార్బొరేటరు ఆయువు తీరినట్లే. అప్పుడు మార్చవలసిందే. అప్పుడైనా అసలు కంపెనీ సరుకు, రశీదుతో కొనండి. రశీదు లేని సరుకు మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లినా నిరూపించడం కష్టం. పాత కార్బొరేటరును కూడా అడిగి తెచ్చుకోండి. మీరు డబ్బు పెట్టి కొన్న వస్తువు అది.

మెకానిక్కు మన శత్రువు కాడు. అతని దగ్గరకు ‘బండి బాగాలేదన్నా, చూడు’ అని వెళ్లడం వేరు. ‘అన్నా, వేడెక్కాక స్లో నిలవడం లేదు, చోక్ వేస్తే నిలుస్తున్నది, ప్లగ్గు తెల్లగా ఉంది, ఫిల్టరు మొన్ననే కడిగాను’ అని వెళ్లడం వేరు. మొదటి మాట విన్నవాడు ఊహించాలి. రెండవ మాట విన్నవాడు నేరుగా పనిలో దిగుతాడు. సాక్ష్యం సిద్ధం చేసుకుని వచ్చిన కక్షిదారును చూస్తే నాకెంత సంతోషమో, మంచి మెకానిక్కుకు అటువంటి వాడిని చూస్తే అంత సంతోషం. ఈ ఆదివారమే ఒక నోటు పుస్తకం కొని, మొదటి పేజీలో మీ బండి తయారైన సంవత్సరం, ప్లగ్గు రంగు, స్క్రూ ఎన్ని చుట్లు ఉన్నదీ రాయండి. అక్కడి నుంచి మిగిలినది తెలుస్తుంది.